కాటుక చేతి వాచీ

ఏడువాగుల అడవిలో కాటుక అనే ఎలుగుబంటి తన కొడుకును పోగొట్టుకుంది. పులి ఎత్తుకుపోలేదు. వేటగాడు కాల్చలేదు. చేతికున్న స్మార్ట్ వాచీలో చార్జింగ్ అయిపోయింది. అంతే జరిగింది.

ఆ అడవిలో దుప్పులు, నెమళ్ళు, కొండముచ్చులు, అడవిపందులు, ఎలుగుబంట్లు ఉండేవి. కొండ మీది నుంచి ఏడు వాగులు ఏడు వైపులకు దిగేవి. ఎండాకాలంలో వాటి ఇసుకలో పిల్లలన్నీ పొర్లాడేవి. వానాకాలంలో మాత్రం కొమ్ములు తిరిగిన దుప్పి కూడా ఒడ్డున ఆగి, నీళ్ళ వంక చూసి, వెనక్కి తిరిగేది.

కాటుకకు ఇద్దరు పిల్లలు. కొడుకు తునికి, కూతురు ఇప్ప. తునికికి కనబడిందల్లా ముట్టుకుని చూడాలి. ఇప్పకు ఏది ముట్టుకోవాలన్నా ముందు అన్నను అడగాలి.

ఎలుగుబంట్లకు ఒక పద్ధతి ఉంది. తల్లి ఎక్కడికి వెళ్ళినా పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని వెళుతుంది. పని పడి కింద దించితే, మాటిమాటికీ గొంతులో గురగురమని పిలుస్తూ ఉంటుంది. పిల్లలు ‘ఊఁ’ అనాలి. ‘ఊఁ’ వినబడకపోతే తల్లి నోటి దగ్గరి తేనె కూడా వదిలేసి వెతుక్కుంటూ వెళుతుంది. పిలవడం తల్లికి అలవాటు కావాలి, పలకడం పిల్లలకు అలవాటు కావాలి. రెండూ రోజూ చేస్తేనే వస్తాయి.

కాటుక కూడా కొన్నాళ్ళు అలాగే చేసింది. కానీ పిల్లలు బరువెక్కారు. ఇద్దరినీ మోస్తూ చెదపుట్ట తవ్వాలంటే నడుము పట్టేసేది. పిలిచి పిలిచి గొంతు ఎండిపోయేది.

సరిగ్గా అప్పుడే తోకరాజు అనే కోతి వచ్చింది. అడవి అంచున యాత్రికులు దిగే బసలున్నాయి. అక్కడ కిటికీలు తెరిచి ఉంటే చాలు, తోకరాజు చేతికి ఏదో ఒకటి తగిలేది. ఆ రోజు ఒక స్మార్ట్ వాచీ, దానితో పాటు రెండు చిన్న బిళ్ళలు తెచ్చింది.

“అక్కా, ఇది మామూలు వాచీ కాదు,” అంది తోకరాజు. “టైము చెబుతుంది. ఎన్ని అడుగులు వేశావో చెబుతుంది. గుండె ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది. వాన వస్తుందో రాదో చెబుతుంది. పాటలు కూడా పాడుతుంది.”

“వాన వస్తే నా వీపే చెబుతుంది. నాకెందుకు?” అంది కాటుక.

“పూర్తిగా విను. ఈ బిళ్ళలు పిల్లల మెడలో కట్టు. వాళ్ళు అడవిలో ఏ మూల ఉన్నా ఇక్కడ చుక్కలా కనబడతారు. మోయక్కర్లేదు, అరవక్కర్లేదు.”

కాటుక నడుము నిమురుకుంది. తర్వాత చెట్టెక్కి, దాచుకున్న తేనెపట్టు మొత్తం తోకరాజుకు ఇచ్చేసింది.

“ఒక్క మాట,” అంది తోకరాజు మూతి నాక్కుంటూ. “బిళ్ళలు ఏడాది పనిచేస్తాయి. వాచీకి మాత్రం రోజూ చార్జింగ్ పెట్టాలి. కొండ మీద పాత మంచె ఉంది కదా, దానికి సోలార్ పలక ఉంది. వైరు వేలాడుతూ ఉంటుంది. ఎండ ఉన్నప్పుడు తగిలించు.”

“అదెంత పని!” అంది కాటుక.

నిజంగానే వాచీ బాగా పనిచేసింది. కాటుక చెదపుట్ట తవ్వుకుంటూ ఒకసారి చెయ్యి తిప్పి చూసుకునేది. రెండు చుక్కలూ గుహ దగ్గరే ఉండేవి. మళ్ళీ తవ్వుకునేది. ఒకసారి తునికి నేరేడు చెట్ల వైపు వెళ్ళిపోతే, చుక్కను చూసుకుంటూ నేరుగా వెళ్ళి చెవి పట్టుకుని తీసుకొచ్చింది. నడుము నొప్పి తగ్గింది. కాటుక కాస్త ఒళ్ళు కూడా చేసింది.

ఆ తర్వాత కళ్ళు నెత్తికెక్కాయి. వాచీ తెర ఎప్పుడూ వెలుగుతూ ఉండేలా పెట్టుకుంది, దూరం నుంచి అందరికీ కనబడాలని. దుప్పులతో అడుగుల పందెం వేసింది. కొండముచ్చుల్ని వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి గుండె కొలిచింది. పిల్లల్ని పిలవడం మాత్రం పూర్తిగా మానేసింది. పిలవని తల్లికి పలకాల్సిన పని పిల్లలకు లేదు. తునికి, ఇప్ప ‘ఊఁ’ అనడం మరిచిపోయారు.

ఒకరోజు దారిలో కోరమ్మ ఎదురైంది. కోరమ్మ ముసలి అడవిపంది. ఆమె వెనక చారల చారల పిల్లలు బారుగా నడుస్తున్నాయి. నాలుగడుగులకొకసారి కోరమ్మ ‘హుర్ర్’ అంటోంది. పిల్లలన్నీ ‘కీక్’ అంటున్నాయి. ఒక పిల్ల అనలేదు. కోరమ్మ ఆగిపోయింది. ఆ పిల్ల పొదలోంచి మూతి మీద మట్టితో పరుగెత్తుకొచ్చి ‘కీక్’ అంది. అప్పుడు మళ్ళీ నడక.

కాటుక నవ్వింది. “ఇంకా ఈ పాతకాలం పద్ధతేంటి అత్తా? గొంతు నొప్పి పుట్టదా?”

“పుడితే మడుగులో నీళ్ళు తాగుతాను. నీ వాచీకి నీరసం వస్తే అదేం తాగుతుంది?”

“ఎండ తాగుతుంది.”

“ముసురు పట్టిందనుకో?”

“నీకు ఏ కొత్త వస్తువు చూసినా గిట్టదు అత్తా.”

“గిట్టకపోవడానికి అదేమన్నా నా చేతికుందా?” అంది కోరమ్మ. “ఉంచుకో పిల్లా. చూసుకో. కానీ రోజుకొకసారైనా వాళ్ళను నోటితో పిలువు. గొంతు తుప్పు పట్టకుండా ఉంటుంది.”

కాటుక తల ఊపింది. పిలవలేదు.

వానాకాలం వచ్చింది. ముసురు పట్టింది. సూర్యుడు మబ్బుల్లోంచి బయటికి రావడం మానేశాడు. కాటుక మంచె ఎక్కి వాచీ తగిలించి వచ్చేది. పొద్దంతా ఉంచినా చార్జింగ్ పావువంతు కూడా ఎక్కేది కాదు. తెర ఆర్పి, పిల్లల చుక్కల కోసం మాత్రమే వాడుకుని ఉంటే ఆ కాస్తా సరిపోయేదే.

కానీ మబ్బులు చూసి నెమళ్ళకు హుషారొచ్చింది. మగనెమలి ఒకటి గుహ ముందుకొచ్చి పురి విప్పింది.

“వదినా, ఆ పాటొకటి పెట్టు. తాళం లేకుండా ఆడితే కాళ్ళకు మజా రావడం లేదు.”

“చార్జింగ్ తక్కువుంది మరిదీ.”

“ఒక్క పాటకు ఏమవుతుంది? అడవి మొత్తంలో నీకొక్కదానికే ఉంది. నిన్నడక్క ఇంకెవరినడగాలి?”

ఆ మాట కాటుకకు తేనెలా దిగింది. ఒక్క పాట పెట్టింది. దుప్పులు వచ్చాయి. ఇంకో పాట పెట్టింది. చీకటి పడేవరకు పెడుతూనే ఉంది. అందరూ వెళ్ళాక చూసుకుంటే తెర మూలన ఎర్ర గీత మెరుస్తోంది.

“రేపు పొద్దున్నే తగిలిద్దాంలే,” అనుకుని పడుకుంది.

మర్నాడు పొద్దున ఆకలేసి ముందు చెదపుట్ట దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గుహ ముందు ఇప్ప ఒక్కతే కూర్చుని ఉంది.

“అన్న ఏడమ్మా?”

“చేపను చూసొస్తానని వెళ్ళాడు.”

“ఏ వాగుకి?”

ఇప్ప వాగుల వైపు చూసింది. ఏడూ ఒకేలా హోరుమంటున్నాయి. “తెలీదు,” అంది.

కాటుక చెయ్యి తిప్పి చూసింది. తెర ఒకసారి ఎర్రగా మెరిసి నల్లబడింది. గోటితో తట్టింది. మళ్ళీ తట్టింది. వెలగలేదు. ముక్కు నేలకానించి వాసన పట్టింది. రాత్రంతా కురిసిన వాన అన్ని వాసనలూ కడిగేసింది. నోరు తెరిచి పిలవబోయింది. గొంతులోంచి ఏదో బొంగురు శబ్దం వచ్చింది. ఎక్కడా ‘ఊఁ’ వినబడలేదు.

ఇప్పను వీపు మీద వేసుకుని కొండ మీదికి పరుగెత్తింది. దారిలో కోరమ్మ కనబడింది.

“ఎక్కడికి ఆ పరుగు?”

“తునికి కనబడటం లేదు అత్తా. వాచీకి చార్జింగ్ పెట్టాలి.”

కోరమ్మ దారికి అడ్డం వచ్చింది. “వాచీ సంగతి తర్వాత. నాతో రా. నువ్వో ఒడ్డున, నేనో ఒడ్డున పిలుచుకుంటూ పోదాం.”

“ఏడు వాగులూ తిరిగేసరికి పొద్దుగూకుతుంది. అదిగో, మబ్బు పలచబడుతోంది. కాస్త ఎండ తగిలితే చాలు, వాడెక్కడున్నాడో ఇదే చూపిస్తుంది.”

“పిల్లా, నీకు కాళ్ళున్నాయి. నోరుంది.”

“నీకు దీని సంగతి తెలియదు అత్తా!” అని అరిచి కాటుక పైకి వెళ్ళిపోయింది.

మంచె మీద వాచీని వైరుకు తగిలించి కూర్చుంది. ఇప్ప ఆమె కాళ్ళ సందున ముడుచుకుంది. మబ్బు పలచబడుతుంది, మళ్ళీ ముసురుకుంటుంది. కాటుక తెర మీది నుంచి చూపు తిప్పలేదు. ఇంకాస్త ఆగితే వెలుగుతుందనుకుంది. ఇంతసేపు కూర్చున్నాక ఇప్పుడు లేచిపోతే కూర్చున్నదంతా వృథా అవుతుందనుకుంది. అలా అనుకుంటూనే పొద్దు నడినెత్తికొచ్చి, పడమటికి వాలింది.

చివరికి వాచీ చిన్నగా వణికింది. తెర వెలిగింది. దాని మీద అక్షరాలు వచ్చాయి.

‘మీరు చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు. లేచి కాస్త నడవండి.’

కాటుక గోటితో ఆ మాటను పక్కకు తోసింది. రెండు చుక్కలు కనబడ్డాయి. ఒకటి మంచె మీద. రెండోది రెల్లువాగులో. రెల్లువాగు వాళ్ళ గుహకు కిందనే ఉంది. ఏడింటిలో అన్నిటికంటే దగ్గరిది.

చుక్క కదలడం లేదు.

కాటుక వెళ్ళేసరికి ఒడ్డున కోరమ్మ నిలబడి ఉంది. ఆమె మూతి, కాళ్ళు బురదతో నిండి ఉన్నాయి. పక్కన ఒక కొండముచ్చు. వాళ్ళ మధ్య ఇసుకలో తునికి పడుకుని ఉన్నాడు.

“అవతలి కొస నుంచి మొదలుపెట్టాను,” అంది కోరమ్మ. “కిందికి దిగొచ్చి ఇవతలివి నువ్వు చూసుకుంటావనుకున్నాను.”

కొండముచ్చు నేల చూపులు చూస్తూ చెప్పింది. “వాగు మధ్యలో బండ మీద చిక్కుకున్నాడు. చాలాసేపు ఏడ్చాడు. నాకు ఈత రాదు. నీ గుహ దగ్గరికి పరుగెత్తుకొచ్చాను. నువ్వు లేవు. మళ్ళీ వచ్చాను. మళ్ళీ లేవు. తర్వాత నీళ్ళు పెరిగాయి.”

కాటుక ఏడవలేదు. కొడుకు పక్కన కూర్చుని ఒంటి మీది తడి నాకడం మొదలుపెట్టింది. చెవులు, వీపు, పాదాలు. సన్నగా వాన పడుతోంది. ఎంత నాకినా తడి ఆరలేదు. ఇప్ప వచ్చి అన్న మూతి దగ్గర మూతి పెట్టి, “లే, ఇంటికి పోదాం,” అంది. అప్పుడు కోరమ్మ మొహం అటు తిప్పుకుంది.

కొన్నాళ్ళకు ముసురు విడిచింది. కోరమ్మ పిల్లలన్నీ వాగులు దాటి, కొత్త దుంపలు తిని, చారలు పోయి, ఏపుగా ఎదిగాయి. కాటుక తోకరాజును పిలిపించి వాచీ చేతిలో పెట్టింది.

“పాడైందా అక్కా?”

“లేదు. బాగానే పనిచేస్తుంది.”

“మరి?”

“నేనే పనిచేయలేదు.”

తోకరాజు తల గోక్కుంది. గొంతు తగ్గించి అంది, “బసల్లోకి కొత్త రకం వచ్చిందక్కా. ఒకసారి చార్జింగ్ పెడితే పది రోజులు ఢోకా లేదట. తేనె కూడా వద్దు, ఊరికే తెచ్చిస్తాను.”

“పదకొండో రోజు ఏం చేయాలో నాకు ముందు రావాలి. అది నేర్చుకోనివ్వు,” అంది కాటుక.

అక్కడి నుంచి నేరుగా కోరమ్మ దగ్గరికి వెళ్ళింది. “అత్తా, నా గొంతు నాకే కొత్తగా ఉంది. పిలవడం నేర్పు,” అంది. కోరమ్మ ‘నేను ముందే చెప్పాను’ అనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

ఆ రోజు కాటుక ఒక నిర్ణయం తీసుకుంది. ఇప్పను తన నోటితోనే పిలవాలి. ఇప్ప పలికాకే తాను ముద్ద ముట్టాలి.

మొదట్లో ఇప్ప పలికేది కాదు. అటూ ఇటూ చూసి ఊరుకునేది. కాటుక ఆకలితో కూర్చుని మళ్ళీ పిలిచేది, మళ్ళీ పిలిచేది. ఒక సాయంత్రం ఇప్ప చిన్నగా ‘ఊఁ’ అంది. ఆ తర్వాత ఎప్పుడూ మానలేదు.

ఇప్ప పెద్దదైంది. పక్క కొండ మీద సొంత గుహ చూసుకుంది. ఇప్పకూ పిల్లలు పుట్టారు. కాటుక ముసలిదైంది, నడక తగ్గింది, చూపు మందగించింది. అయినా రోజూ పొద్దు వాలేవేళ గుహ ముందుకొచ్చి కూతుర్ని పిలిచేది. అవతలి కొండ నుంచి ‘ఊఁ’ వినబడేది. అప్పుడే తిండి ముట్టేది. ఆ నిర్ణయాన్ని కాటుక బతికినన్నాళ్ళూ తప్పలేదు.

నీతి: పని తేలిక చేసే వస్తువును వాడుకోవచ్చు, కానీ అది ఆగిపోయిన రోజున చేయాల్సిన పనిని మనం మరిచిపోకూడదు.