రాజుగారి మడమల వెనక గొయ్యి

అనగనగా ఒక ఊళ్ళో అన్యాయం జరిగింది. ఎవరికంటే, రాజుగారి కోడలు చెంగల్వకి. ఎప్పుడంటే, జ్యేష్ఠ బహుళ విదియ నాడు. చుట్టాల ముందు రాజు తను పులిని పొడిచిన కథ చెబుతుంటే, ఈ పిల్ల "మామయ్యా, అది మన పెరట్లో పిల్లి కదా" అంది. ఉన్నమాటే అంది. రాణి లోపలికి లాక్కెళ్ళి తన తలమీద చెయ్యి వేయించుకుంది. మామ ఎదుట నోరు విప్పనని ఒట్టు పెట్టించింది.

ఊ కొడుతున్నారా? పద్మనాభం, చెల్లి మీంచి కాలు తియ్యి.

కార్తీకంలో అందరూ కొండగుహ చూడ్డానికి వెళ్ళారు. అది ఎవరూ తవ్వింది కాదర్రా. ఎప్పుడో కొండ కడుపులో రాయి కరిగి బెల్లంపాకంలా పారింది. పైది గట్టిపడింది, లోపలిది జారిపోయింది, పొడుగాటి గొట్టం మిగిలింది. ముందు రాజు, వెనకాల రాణి, కొడుకు, వాళ్ళ పక్కన దీపంతో చెంగల్వ. ఉన్నది ఆ ఒక్క దీపమే.

లోపల రాజుకి మళ్ళీ పులి గుర్తొచ్చింది. వీళ్ళవైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ మొదలెట్టాడు. పులి ఒక అడుగు వేసిందట, తనొక అడుగు వేశాడట. చెంగల్వ చూసింది కదా, ఆయన మడమల వెనక నేల లేదు. చెయ్యి చాచి చూపించింది. రాణి ఆ చేతిమీద ఒక్కటి వేసింది. చెంగల్వ తన మొగుణ్ణి గిల్లింది. "ఉండవే, పులి దూకబోతోంది" అన్నాడా బుద్ధిమంతుడు.

నోరు విప్పితే అత్త పోతుంది, విప్పకపోతే మామ పోతాడు. ఏం చేస్తుంది?

ఉఫ్‌మని దీపం ఊదేసింది.

చిమ్మచీకటి. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. రాజు మండిపడి చేతికర్ర వెనక్కి కొట్టాడు. కర్రకి నేల తగల్లేదు. చేతిలోంచి జారింది. చాలాసేపటికి ఎక్కడో అడుగున ఖణేల్మంది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు, గొంతు పిల్లాడి గొంతయిపోయి. రాణే గొణిగింది, ఒట్టు పెట్టించింది తనేనని.

"నాకు తెలుసు" అన్నాడు రాజు. "ఇల్లు నిమ్మళంగా ఉందని ఊరుకున్నా."

చెకుముకిరాయి రాణి కొంగులోనే ఉంది. అయినా దీపం వెలిగించడానికి ఎవరికీ తొందర లేకపోయింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఎలా చూసుకుంటారు?

"ఒట్టు తీసి గట్టుమీద పెట్టాను తల్లీ" అంది రాణి.

"కదలకండి మామయ్యా, నేనొస్తున్నా" అంది చెంగల్వ. చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చింది.

ఆ తర్వాత అందరూ సుఖంగానే ఉన్నారు. సిగ్గు మాత్రం పోలేదు, పోకూడదు కూడా. నిజం చెప్పిన మనిషి నోరు మూసి దాన్ని శాంతి అనుకునేవాళ్ళకి అదే మందు.

కథ కొండ దిగింది, మీరు దుప్పట్లోకి దిగండి. చెంగల్వకి మాట తిరిగొచ్చిన రోజు కార్తీక బహుళ తదియ, బుధవారం.