జాజితీగలో ఒక ఒత్తు

"గురువుగారూ, ఉన్న తప్పును ఉన్నట్టు రాస్తే అది పాపమా?"

అనకాపల్లిలో అప్పలనరసయ్య మాస్టారి వసారాలోకి వస్తూనే కూర్మారావు అడిగిన మాట ఇది. కాళ్ళ చెప్పులైనా విడవలేదు. మాస్టారు నలభై ఏళ్ళపాటు ఆ చుట్టుపక్కల దుకాణాలకు బోర్డులు రాసినవాడు. బోర్డులు మానేశాక, అక్షరం మీద ఆశతో వచ్చినవాళ్ళకు అక్షరం నేర్పేవాడు. ఎవరేమి అడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. వసారా గోడకు నడుమెత్తు నుంచి పైదాకా నల్లరంగు పూయించి ఉంచాడు. అడిగినవాడి చేతిలో సుద్దముక్క పెట్టి ఆ గోడ వైపు చూపిస్తాడు, అంతే.

కూర్మారావు ఆ గోడ మీద చెయ్యి తిప్పుకున్నవాడే. ఇప్పుడు విశాఖలో పేరున్న గ్రాఫిక్ ఆర్టిస్టు. పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తాడు. వాటితోపాటు డిజైనర్లు చదివే ఒక వెబ్ పత్రికలో నెలనెలా ఒక శీర్షిక రాస్తాడు. ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ, సరదా కొద్దీ తెలుగు ఫాంట్లు తయారుచేసి ఉచితంగా పంచేవాళ్ళుంటారు కదా, వాళ్ళ అలంకార లిపుల మంచిచెడ్డలు చెప్పడం ఆ శీర్షిక పని. అతను బాగుందంటే ఆ అక్షరాలు పెళ్ళి శుభలేఖల మీదికెక్కుతాయి. బాగాలేదంటే వాటిని మళ్ళీ ఎవరూ తిరిగి చూడరు.

ఆ నెల తొమ్మిది ఫాంట్లు చూశాడు. ఎనిమిదింటికి తలా నాలుగు మంచిమాటలు రాశాడు. ఎనిమిదీ అంతంతమాత్రంగా ఉన్నాయి కనుక మంచిమాటలు సులువుగానే వచ్చాయి. తొమ్మిదోది తెరిచేసరికి చెయ్యి ఆగిపోయింది.

దాని పేరు జాజితీగ. చేసినామె హైమావతి, పార్వతీపురం దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే మనిషి. బొమ్మలు గీయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదట. అయినా తలకట్టు పెట్టిన తీరు చూస్తే, అక్షరం అప్పుడే నిద్రలేచి తల ఎత్తినట్టుంది. 'ళ' ఒక్కసారి మెలిక తిరిగి, ఇక చాలన్నచోట ఆగింది. సరిగ్గా ఆ మెలిక కోసమే కూర్మారావు ఏడేళ్ళుగా తంటాలు పడుతున్నాడు. అతనూ ఒక లిపి చేస్తున్నాడు. గీస్తాడు, చెరిపేస్తాడు, మళ్ళీ గీస్తాడు. దానికింకా పేరైనా పెట్టలేదు.

ఆ రోజు అతనికి అన్నం సయించలేదు. భార్య అడిగితే ఎండ దెబ్బ అన్నాడు. మర్నాడు పని మానుకుని జాజితీగలోని ప్రతి అక్షరాన్నీ, ప్రతి ఒత్తునూ పెద్దది చేసి చూశాడు. మెచ్చుకోవడానికి కాదు, ఎక్కడ తప్పు దొరుకుతుందా అని. మూడోరోజుకు దొరికింది. 'ద' నుంచి అలంకారంగా దిగిన తీగ గీత, కింద ధ ఒత్తు వచ్చినప్పుడు దాన్ని చుట్టుకుపోయి నల్లటి ముద్దవుతోంది. 'ద్ధ' అన్నచోటల్లా అంతే. కూర్మారావు కుర్చీలోంచి లేచి గదిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. తర్వాత ఒక్క ఊపులో రెండు పేజీలు రాశాడు. 'శ్రద్ధా బుద్ధీ రెండూ రాయడం చేతకాని లిపి' అని శీర్షిక పెట్టాడు. ఆ మాట తనకే ఎంత ముద్దొచ్చిందంటే, పైకి రెండుసార్లు చదువుకున్నాడు.

పత్రిక సంపాదకుడు చదివి ఫోన్ చేశాడు. "తప్పు చూపించారు, బాగానే ఉందండీ. కానీ ఇంత కోపమెందుకు? పాపం, ఆవిడ మీరేమంటారోనని ఎదురుచూస్తోందట. మీరు పనికిరాదంటే తీసేస్తానని కూడా రాసింది. ఒకసారి ఆలోచించండి. సాయంత్రం దాకా ఆగుతాను."

ఆ ఫోన్ పెట్టేసి అనకాపల్లి బస్సెక్కాడు కూర్మారావు. గురువుగారు తన పక్షానే ఒక మాట అంటారని అతని నమ్మకం.

మాస్టారికి కంటి ఆపరేషన్ జరిగి పది రోజులైంది. ఒక కంటికి పచ్చ అద్దం పెట్టుకుని కూర్చున్నాడు. కూర్మారావు లాప్‌టాప్ తెరిచి ముందు పెట్టబోతే చేత్తో వారించాడు.

"ఆ వెలుగు చూడొద్దన్నాడురా డాక్టరు. గీసి చూపించు."

కూర్మారావు సుద్ద తీసుకున్నాడు. తప్పొక్కటే గీస్తే సరిపోతుంది. కానీ మిగతా అక్షరాలు పక్కన లేకపోతే తప్పు తెలియదనిపించి, 'జాజితీగ' అని పెద్దగా రాశాడు. దాని కింద 'మళ్ళీ' అని రాశాడు. ఆ తర్వాత 'శ్రద్ధ'. చెయ్యి ఎక్కడా తడబడలేదు. సుద్దపొడి మణికట్టు మీద రాలుతుంటే అక్షరాలు ఒకదాని వెంట ఒకటి తలలెత్తాయి. రాయడం అయ్యాక పక్కకు తప్పుకున్నాడు.

మాస్టారు లేచి, గోడకు ముఖం దాదాపు ఆనించి, బాగున్న కంటితో ఒక్కొక్క గీతా చూసుకుంటూ వెళ్ళాడు.

"ఆ పెట్టె వైపు ఒక్కసారైనా చూడలేదే నువ్వు," అన్నాడు.

కూర్మారావు లాప్‌టాప్ వైపు తిరిగాడు. నిజమే, చూడలేదు. తన సొంత లిపిలోని అక్షరాలనైనా అతను అలా చూడకుండా రాయలేడు.

మాస్టారి వేలు 'శ్రద్ధ' దగ్గర ఆగింది. "ఇంతకీ తప్పేదిరా?"

"అదేనండీ, ఆ ద్ధ. తీగ వచ్చి ఒత్తుని..." అంటూ దగ్గరికి వచ్చిన కూర్మారావు మాట మధ్యలోనే ఆగిపోయింది. గోడ మీద తీగ ఒత్తును తాకనే లేదు. ధ ఒత్తు ఒక్క పిసరు కుడికి జరిగి, కాస్త కిందికి దిగి, హాయిగా కూర్చుంది. తీగ దాని మీదుగా గాలిలో వంగింది. గబగబా లాప్‌టాప్ చూశాడు. అక్కడ ముద్ద అలాగే ఉంది. గుడ్డతో 'శ్రద్ధ' ఒక్కటి చెరిపి, ఈసారి తప్పుతోనే రాయబోయాడు. చెయ్యి మొరాయించింది. బలవంతం చేసి గీతను ఒత్తు మీదికి లాక్కురావలసి వచ్చింది.

మాస్టారు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. లోపల ఎవరో మిక్సీ వేశారు, ఆపారు.

చాలాసేపటికి కూర్మారావు వసారా మెట్టు మీద కూర్చుని, ఆవిడ ఫాంటుతోపాటు పంపిన నంబరుకు ఫోన్ చేశాడు. పేరు చెప్పగానే అవతల గొంతు తడబడింది.

"సార్... చూశారా? చెప్పండి సార్, తీసేయమంటారా?"

"తీయడమెందుకమ్మా? ద్ధ ఒక్కటి సరిచేస్తే చాలు."

"అక్కడేదో ఇరుకుగా ఉందని తెలుస్తూనే ఉంది సార్. మూడు నెలల నుంచి ఆ తీగనే కుదిస్తున్నాను. ఎంత కుదించినా చాలడం లేదు."

"తీగ జోలికి పోకండి. అది బాగుంది." ఆ మాట అతని గొంతులోంచి ముల్లు పెరికినట్టు వచ్చింది. "ఒత్తుని పిసరంత కుడికి జరిపి, కొంచెం దించండి."

అవతల నుంచి కీబోర్డు టకటకలు వినబడ్డాయి. ఆ తర్వాత చిన్నపిల్లలా నవ్విందామె. "వచ్చేసింది సార్!"

సంపాదకుడికి కూడా ఫోన్ చేసి, పంపింది తీసేయమన్నాడు. రేపటికి వేరే రాసిస్తానన్నాడు. ఆ పనులన్నీ అయ్యాక కూడా అతని ముఖం తేరుకోలేదు. వచ్చి గురువుగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఫోన్ అయితే చేశానండీ. కానీ అది పోలేదు. ఆవిడ నవ్వుతుంటే కూడా, ఆ 'ళ' నాకెందుకు రాలేదనే అనుకున్నాను. ఈ అసూయను ఎలా వదిలించుకోను?"

మాస్టారు పచ్చ అద్దం సర్దుకుని, గోడ మీద మిగిలిన 'మళ్ళీ' వైపు చాలాసేపు చూశాడు.

"నీ అసూయకు చూపు మంచిదేరా. చూడనివ్వు," అన్నాడు. "కలం మాత్రం దాని చేతికివ్వకు."