గవరయ్య రైలుబండి

అనగనగనగా, సముద్రపు గాలి తగిలే ఒక ఊరు. ఆ ఊరికి ఒక సర్కస్ వచ్చింది. అందులో గవరయ్య అని ఒక జోకరు ఉండేవాడు తల్లీ.

మొహానికి తెల్లరంగు, ముక్కుకి ఎర్రరంగు, మోకాళ్ళు దాటిన చొక్కా. నిచ్చెన ఎక్కబోయి పడేవాడు. కుర్చీలో కూచోబోయి పడేవాడు. ఊరికే నిలబడి కూడా పడేవాడు! పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. పడటమంటే తేలికనుకునేవు. ఎముక విరక్కుండా, చూసేవాళ్ళకి నవ్వొచ్చేలా పడటం నేర్చుకునేసరికి అతనికి సగం వయసు అయిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆట. డేరా నిండా జనం. బయట ఆకాశం నల్లబడింది, వాన దంచుతోంది. అప్పుడు గాలి లేచింది.

తెర పక్కన నిలబడ్డ గవరయ్యకి ఫట్‌మని చప్పుడు వినిపించింది. తొంగి చూశాడు. నేల నానిపోయి, డేరా తాడు కట్టిన గుంజ ఊడొచ్చింది. చూస్తుండగానే ఇంకోటి ఊడింది. నడిమి స్తంభం కిర్రుమంది.

యజమాని నాయుడు పరిగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గవరయ్యా, బయటికి పోను ఉన్నది ఒక్కటే దారి. డేరా పడిపోతోందని అరిచామా, తొక్కిసలాటలో పిల్లలు నలిగిపోతారు. ఎలాగయ్యా?"

"ఎదురుగా బియ్యం మిల్లు ఉంది కదా, దాని తలుపులు తీయించండి బాబూ. నేను లోపలికి పోతాను."

గవరయ్య కాళ్ళు వణుకుతున్నాయి. అది కూడా ఆటే అనుకుని జనం నవ్వారు.

ముందు పిల్లల దగ్గరికి పోయాడు. "కూ...! రైలు కదులుతోంది! ముందువాడి చొక్కా పట్టుకోండి, వదిలినవాడు దిగిపోవాలి!" అన్నాడు. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, కూ అంటూ మిల్లులోకి నడిచారు.

అప్పుడు తల్లుల వైపు తిరిగాడు. "అమ్మా, మీ పిల్లలు నా బండెక్కేశారు. వచ్చి దింపుకోకపోతే కాశీ దాకా తీసుకుపోతాను!" నవ్వుకుంటూ వాళ్ళూ లేచారు.

ఆ తర్వాత మగాళ్ళు. ముందు కుర్చీలో మునసబు గారు కాలు మీద కాలేసుకుని కదల్లేదు. "ఆట అయ్యేదాకా లేవను పోరా," అన్నాడు. ఆయన లేవందే వెనకవాళ్ళు లేవరు. పైన స్తంభం మళ్ళీ కిర్రుమంది.

గవరయ్య వంగి ఆయన చెవిలో అన్నాడు. "బాబూ, డేరా పడిపోతోంది. మీరు నవ్వుతూ నడిస్తే అందరం బతుకుతాం. పరిగెత్తారా, ఎవరం మిగలం."

మునసబు మొహం పాలిపోయింది. మెల్లగా లేచాడు. కండువా నడుముకి చుట్టుకున్నాడు. "కూ..." అన్నాడు! ఊరంతా పగలబడి నవ్వుతూ ఆయన వెనకాల నడిచింది.

డేరా ఖాళీ అయింది. అప్పుడు పైనుంచి సన్నగా ఏడుపు వినిపించింది. ఉయ్యాలాట ఆడే పైడమ్మ! ఆట కోసం ఎక్కిన ఎత్తైన చెక్కమెట్టు మీద బిగుసుకుపోయి ఉంది. కింద వల ఉంది, దూకితే చాలు.

"మామా, పట్టు వదలడానికి చేతులు రావట్లేదు..."

గవరయ్య తాడు నిచ్చెన సగం ఎక్కి, వలలోకి పడ్డాడు. "చూశావా? మోకాళ్ళు ముడుచుకో, ఊపిరి వదిలెయ్. అంతే తల్లీ!"

పైడమ్మ కళ్ళు మూసుకుని దూకింది. గవరయ్య ఆమెని బయటికి తోసేశాడు. అతను రెండడుగులు వేసేలోపు స్తంభం అతని కాలి మీద కూలింది.

ఊళ్ళో ఒక్క ప్రాణం పోలేదు. కానీ గవరయ్య కుడికాలు మళ్ళీ వంగలేదు. జోకరు ఆట ఆగిపోయింది.

పైడమ్మ భయంతో మళ్ళీ ఉయ్యాలెక్కలేకపోయింది. ఒకనాడు అతని మంచం దగ్గర కూచుని, "నాకు పడటం నేర్పు మామా," అంది.

"ఆడపిల్ల జోకరైతే ఎవరు నవ్వుతారే?" అన్నాడు నాయుడు.

గవరయ్య వినలేదు. మంచం మీదనుంచే నేర్పాడు. తను పడే పడటాలన్నీ నేర్పాడు.

ఆ తర్వాత ఇంకో ఊళ్ళో పైడమ్మ రంగు పూసుకుని ఆటలోకి దిగింది. గవరయ్య మొదటిసారి జనంలో కూచున్నాడు. ఆమె నిచ్చెన మీదనుంచి పడింది. ఎవరూ నవ్వలేదు. కుర్చీ మీదనుంచి పడింది. ఎవరో దగ్గారు. గవరయ్య లేచి అరవబోయి, పళ్ళు బిగబట్టుకున్నాడు.

పైడమ్మ లేచింది. పావడా దులుపుకుంది. నేలకేసి వేలు చూపించి, "ఏమే, కాస్త పక్కకి జరగలేవూ?" అంది. నేల జరిగిందేమోనని వంగి చూసింది. చూస్తూ చూస్తూ బోర్లా పడింది.

డేరా అదిరిపోయేలా నవ్వారు!

గవరయ్య కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ పక్కాయనతో అన్నాడు. "ఇది నేను నేర్పింది కాదండీ. దాని సొంతం!"

కథేమో కంచి బాట పట్టింది,
నిద్దరేమో మన గడప మెట్టింది.
కళ్ళు మూసుకో, నా బంగారుకొండా.