చీరలో దాచిన అలల చెక్క

విశాఖపట్నం పెదవాల్తేరులో హైమ అనే అమ్మాయి ఉండేది. తాటిచెట్టంత అల మీద తొణక్కుండా నిలబడేది గానీ, మనిషి ఎదురుగా నిలబడి ఒక్క నిజం చెప్పాలంటే మాత్రం ఆమెకు కాళ్ళు వణికేవి.

ఈ కథ నాకెలా తెలుసంటారా? ఆమె బట్టల కొట్లో కటింగ్ మాస్టర్ని నేనే. సన్యాసిరావు మాస్టారంటే బీచ్ రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెలియనివాళ్ళు లేరు. నా కత్తెర చప్పుడు వింటే చాలు, గుడ్డ తనంతట తానే రెండుగా విడిపోయేది. తుపాను రోజుల్లో ఒకసారి కరెంటు పోతే, కళ్ళు మూసుకుని నలభై జాకెట్లు కత్తిరించాను. ఒక్కదానికీ చంక దగ్గర బిగుతు రాలేదు. రోడ్డుకి అటువైపు నడిచిపోయే మనిషి భుజం కొలత ఇటువైపు నుంచే చెప్పేసేవాణ్ణి, పావంగుళం తేడా లేకుండా. అనుమానమున్నవాళ్ళు కథ అయ్యాక వచ్చి నా ముందు నడవండి, చెప్తాను.

హైమ కొట్టు చిన్నది. మూడు మిషన్లు, ఒక నిలువుటద్దం, మూలన ఒక తెర. కానీ ఆమె గీసిన డిజైన్ వేసుకుని ఒక్క పెళ్ళికూతురు పీటల మీద కూర్చుంటే, మర్నాటికి ఆ పెళ్ళికొచ్చినవాళ్ళలో సగం మంది మా గుమ్మంలో ఉండేవాళ్ళు. కొట్టు తర్వాత ఆమెకు ప్రాణం సముద్రమే. పొడవాటి చెక్క మీద నిలబడి, లేచిన అలని పట్టుకుని, ఒడ్డుదాకా జారుకుంటూ వచ్చేది. దాన్ని సర్ఫింగ్ అంటారు. రెండు నెలలకోసారి ఆ చెక్క తీసుకుని ఒంటరిగా రైలెక్కి, పెద్ద అలలు ఎక్కడుంటే అక్కడికి పోయేది. నాలుగు రోజులు వాటితో పోట్లాడి, నల్లబడి, నవ్వుకుంటూ తిరిగొచ్చేది.

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. కానీ హైమ ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదు.

"ఆడపిల్ల ఒక్కతే సముద్రాల మీదకి పోతోందంటే, కొట్టుకి ఎవరైనా వస్తారా మాస్టారూ?" అనేది.

అందుకని వచ్చేవాళ్ళకేమో 'గుడ్డ కొనడానికి సూరత్ వెళ్ళింది'. స్నేహితులకేమో 'కొట్లో ఊపిరాడని పని'. చెక్కకి పాత చీర చుట్టి, గుడ్డ తానుల మధ్య నిలబెట్టేది. ఒకావిడ దాన్ని వేలితో చూపించి, "ఆ నెమలికంఠం రంగు తాను దించండి, ఆరు మీటర్లు కావాలి" అని కూడా అడిగింది. ఆవిడకి సర్దిచెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి.

అబద్ధాలు చెప్పే ఉద్యోగం నాదే. నేను చెప్తే మామూలుగా ఉంటుందా? హైమ సూరత్‌లో రైలు దిగగానే మిల్లు యజమానులు మేళతాళాలతో ఎదురొచ్చి, ఆమె చెయ్యి తగిలితే తప్ప మగ్గం కదలదన్నారని చెప్పేవాణ్ణి. అందరూ నమ్మేవాళ్ళు. నాకు ఒళ్ళు పొంగిపోయేది.

అలా ఉండగా ఒకరోజు ఝాన్సీ వచ్చింది. ఝాన్సీ, హైమ ఒకటో తరగతి నుంచి ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఝాన్సీ చేతిలో పెళ్ళి పట్టుచీర, దాంతో వచ్చిన జాకెట్టు ముక్క, ఒక పాత జాకెట్టు ఉన్నాయి.

"ఒసే, ముహూర్తం వచ్చే నెల పదో తారీకు. జాకెట్టు నువ్వే కుట్టాలి. పెళ్ళికి ముందు రెండు రోజులు నా పక్కనే ఉండాలి. ఇంకేం అడగను" అంది.

"ఉంటానే!" అంది హైమ.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. కొత్త జాకెట్టు కుట్టాలంటే, ఒంటికి సరిపోయిన పాతది ఒకటి ఇస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. అయినా సరే, పెళ్ళి జాకెట్టయితే మనిషిని నిలబెట్టి టేపుతో మళ్ళీ కొలవాల్సిందే. ఒళ్ళు మారుతుంది, ఆది మారదు. కొలవడానికి ఝాన్సీ మూడో తారీకున రావాలని అనుకున్నారు.

సరిగ్గా రెండో తారీకున హైమకి కబురొచ్చింది. చెన్నై పక్కన కోవళంలో అలలు మేడంత లేస్తున్నాయట. హైమ కళ్ళు వెలిగిపోయాయి. మూడున బయల్దేరితే ఎనిమిదో తారీకు పొద్దున్నకి వచ్చేయొచ్చు. ఆ మాటే ఝాన్సీతో చెప్తే సరిపోయేది. చెప్పలేకపోయింది. ఎదురుపడితే ఆ పిల్ల కళ్ళలోకి చూసి అబద్ధమాడలేనని భయం కూడా వేసింది. అందుకని ఫోన్ చేసింది.

"నువ్వు రానక్కర్లేదే, ఆది ఉందిగా. నేను లేసుల కోసం సూరత్ వెళ్తున్నా."

తర్వాత నావైపు తిరిగి, "మాస్టారూ, ఆదితోనే కత్తిరించేయండి" అంది.

"కొలవకుండానా తల్లీ?"

"కళ్ళు మూసుకుని నలభై కత్తిరించారుగా మీరు!"

ఆ ఒక్క మాటతో నన్ను పడగొట్టేసింది. కత్తెర తీసి కత్తిరించేశాను.

ఏడో తారీకు మధ్యాహ్నం ఝాన్సీ వేసుకుని చూసుకోవడానికి వచ్చింది. తెర వెనక్కి వెళ్ళింది. ఎంతకీ బయటికి రాలేదు. వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. జాకెట్టు మోచెయ్యి దాటలేదట. ఆ ఆది నాలుగేళ్ళ నాటిది. లోపల మడిచి వదిలిన కుట్లన్నీ విప్పినా రెండంగుళాలే వస్తాయి. కావలసింది అయిదు. జాకెట్టు ముక్కలో ఇక పోగు కూడా మిగల్లేదు.

ఝాన్సీ అక్కడే నిలబడి హైమకి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?"

"సూరత్‌లోనే. లేసులు చూస్తున్నా."

ఫోన్లో ఒకటే హోరు.

"ఆ హోరేమిటి?"

"మిల్లు మిషన్లే!"

అంతలో వెనకనుంచి ఎవరిదో తమిళ గొంతు గట్టిగా వినిపించింది. "అక్కా! పెరియ అలై వరుదు!" పెద్ద అల వస్తోందని.

ఝాన్సీ నావైపు చూసింది. నేను సుద్దముక్క కోసం బల్లకింద వెతకడం మొదలుపెట్టాను.

"ఏమే, సూరత్‌లో అలలు కూడా నేస్తున్నారా?" అంది ఝాన్సీ. తర్వాత గొంతు తగ్గించి, "పెళ్ళికి రానక్కర్లేదులే. నేసినంతసేపు అక్కడే ఉండు" అని ఫోన్ పెట్టేసింది. చీర మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిదో తారీకు పొద్దున్న హైమ స్టేషన్ నుంచి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా కొట్టుకి వచ్చింది. జరిగింది చెప్పాను.  వినగానే హైమ చెక్కకి చుట్టిన చీరని పరపరా లాగి పారేసింది. వట్టి చెక్కని చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది. పట్టపగలు, ఆరడుగుల చెక్క! కూరగాయల బళ్ళు ఆగిపోయాయి. సిటీ బస్సు ఆగిపోయింది. గాలి కూడా ఆగిందని నా నమ్మకం. టేపు మెళ్ళో వేసుకుని నేనూ వెనకాలే నడిచాను.

ఝాన్సీ ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. గుమ్మంలో ఆమె మేనత్త వరహాలమ్మ అడ్డంగా నిలబడింది. ఫోన్లో వినిపించిన అలల సంగతి అప్పటికే ఆవిడ చెవిన పడింది.

"ఆ చెక్కేటి, ఆ వేషమేటి? ఒంటరిగా సముద్రాలంట తిరుగుతూ మా పిల్ల పెళ్ళి పాడుచేసీసావు. ఆ చెక్క పొయ్యిలో పెట్టి, ఇంటిపట్టున ఉంటానని అందరిముందూ చెప్పు. నేకపోతే వాల్తేర్లో ఒక్క ఆడది నీ కొట్టు గుమ్మం తొక్కదు. నేనే తొక్కనివ్వను!"

నిజం చెప్తున్నాను, హైమ కాళ్ళు వణికాయి. నేను చూశాను. అయినా నిలబడింది.

"అబద్ధమాడాను అత్తా. అది తప్పు. ఝాన్సీ కాళ్ళు పట్టుకుంటాను, మీవీ పట్టుకుంటాను. కానీ సముద్రం తప్పు కాదు. దానికి మాత్రం ఎవరినీ క్షమాపణ అడగను. చెక్క కాల్చను. కొట్టు గుమ్మం ఎవరూ తొక్కకపోతే, నా గుమ్మం నేనే తొక్కుకుంటాను."

పందిరి గుంజలు పాతేవాళ్ళు కూడా పలుగులు దించేశారు. లోపల్నుంచి ఝాన్సీ వచ్చింది.

"నువ్వు సముద్రానికి పోతానని చెప్పుంటే నేను వద్దనేదాన్నా?"

"అనేదానివి కాదు."

"నాకు థైరాయిడ్ వచ్చి రెండేళ్ళయింది హైమా. ఒళ్ళు వచ్చింది. పాత బట్టలొక్కటీ పట్టడం లేదు. వదులు చుడీదార్లలో తిరుగుతున్నాను. ఒక్కసారి నన్ను సరిగ్గా చూసుంటే నీకు తెలిసేది. నువ్వు నాకు అబద్ధాలు చెప్పే హడావిడిలో ఉన్నావు, నన్ను చూసే తీరిక నీకెక్కడిది?"

హైమ ఏడ్చింది. నేను ముందుకొచ్చి, "తప్పు నాది కూడా ఉందమ్మా. రోడ్డుకి అటువైపు మనిషిని కొలిచే మొనగాణ్ణి, బల్లకి అటువైపు నిలబడ్డ నిన్ను కొలవలేదు. సూరత్ మేళతాళాలు కూడా నేను కల్పించినవే" అన్నాను. జీవితంలో నేను ఉన్నదున్నట్టు చెప్పిన మాట అదొక్కటే.

"మేళతాళాలు ఎప్పుడో పట్టేశాం మాస్టారూ" అంది ఝాన్సీ. పెదవి కొసన నవ్వు కదిలింది.

హైమ కళ్ళు తుడుచుకుని నా మెళ్ళోంచి టేపు లాక్కుంది. ఝాన్సీని వెలుగులో నిలబెట్టి భుజం, చంక, చుట్టుకొలత, చెయ్యి అన్నీ కొలిచింది. కొలిచినంతసేపూ ఆమె ముఖంలోకే చూసింది. ఆ తర్వాత, "చీరలో నడుం దగ్గర లోపలికి దోపుకునే కొస ఉంటుంది కదే, అది బయటికి కనపడదు. అందులోంచి జానెడు పట్టు కోసి జాకెట్టు పక్కల్లో వేస్తాను. ఆ కొసకి మామూలు గుడ్డ అతుకుతాను" అంది.

"పక్కల్లో అతుకు కనపడదూ?" అంది వరహాలమ్మ.

"పైన పువ్వులు కుట్టి దాచేస్తాను."

"దాచకు" అంది ఝాన్సీ. "ఇకమీదట నా దగ్గర ఏదీ దాచకు. ఎర్రదారంతో, అందరికీ కనపడేలా కుట్టు."

ఆ రెండు రోజులూ హైమ ఝాన్సీ పక్కనే కూర్చుని, అతుకు వెంబడి ఎర్రటి అలలు కుట్టింది. పదో తారీకున ఆ జాకెట్టు చూసి పెళ్ళివారు అక్షింతలు వెయ్యడం మర్చిపోయారు. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగి, "ఎవరు కుట్టారమ్మా?" అన్నాడు. కత్తిరించింది నేనని లేచి చెప్పబోయాను. హైమ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

మర్నాడు కొట్టు ముందు బోర్డు వేలాడింది. 'రెండు నెలలకోసారి అయిదు రోజులు నేను సముద్రం మీద ఉంటాను. తేదీలు కింద రాశాను. ఆ రోజుల్లో కొట్టు మూసి ఉంటుంది. హైమ.' తానుల మధ్య నుంచి చెక్క బయటికొచ్చి, అద్దం పక్కన దర్జాగా నిలబడింది. బోర్డు చదివిన ఇద్దరు తమ బట్టలు వెనక్కి పట్టుకుపోయారు. "తీసుకెళ్ళండి, చక్కగా మడిచి ఇస్తాను" అంది హైమ. మిగతావాళ్ళు తేదీలు చూసుకుని ముందే రావడం మొదలుపెట్టారు. వరహాలమ్మ కూడా వచ్చింది. చెక్క వంక కొరకొరా చూస్తూనే నాలుగు జాకెట్లిచ్చింది.

తర్వాతి ప్రయాణం ముందురోజు ఝాన్సీ వచ్చి, "ఈసారి నేనూ వస్తానే" అంది.

పాత హైమ అయితే 'సరే' అని, చెప్పకుండా రైలెక్కేసేది. ఈ హైమ స్నేహితురాలి ముందు తిన్నగా నిలబడింది.

"వద్దే. ఒంటరిగా వెళ్ళడమే నాకిష్టం. తిరిగొచ్చాక మొదట దిగేది మాత్రం నీ గుమ్మంలోనే."

"అయితే పొద్దున్నే రా, అట్లు పోసి ఉంచుతాను" అంది ఝాన్సీ.

నీతి: మనకి ప్రాణమైన పనిని తలెత్తి, నలుగురికీ చెప్పి చెయ్యాలి, అది ఎంత మంచిదైనా, దాచి చేస్తే మనల్ని నమ్మినవాళ్ళకే గాయమవుతుంది.