వెనక పిలుపు

"రోజూ చెప్పినా మరిచిపోయేవాళ్ళకి ఇంకెలా చెప్పాలి మేస్త్రి గారూ?" అని పాణి అడిగాడు.

విజయనగరం అవతల కడుతున్న కల్యాణమండపానికి అతను సూపర్‌వైజరు. చదువు కాలేజీలో చదివినా, పని మాత్రం బంగారయ్య మేస్త్రి వెంట తిరిగి నేర్చుకున్నాడు. పొద్దున్నే అందరినీ నిలబెట్టి, బెల్టు కట్టుకోవాలని, దాని కొక్కెం పైకడ్డీకి తగిలించాలని చెప్పేవాడు, వాళ్ళ చేత చెప్పించేవాడు. అయినా కిందటి వారం లోకనాథం బెల్టు లేకుండా పరంజా ఎక్కి, పడి, నడుము విరగ్గొట్టుకున్నాడు. "మరిచిపోయాను బాబూ" అన్నాడు ఆసుపత్రిలో. అతని భార్య మంచం పక్కన కూర్చుని పాణి వంకే చూసింది. ఇంకొకరు పడితే ఈ ఉద్యోగం తన వల్ల కాదని పాణికి ఆ రోజే అర్థమైంది.

బంగారయ్య వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. "మరుపు సంగతా? సరైనవాణ్ణే అడిగావు. ఇంతకీ టీ ఇంకా రాలేదేం?" అన్నాడు. తాగేసిన గ్లాసు ఆయన చేతిలోనే ఉంది.

మర్నాడు పొద్దున పాణి జాగ్రత్తలన్నీ చెప్పడం అయ్యాక, పైగోడ పూత చూసొస్తానని ఆయన నిచ్చెన దగ్గరికి నడిచాడు. ఆయన బెల్టు మేకుకే వేలాడుతోంది.

పాణి చూశాడు. అందరూ చూశారు. సిమెంటు మాలు కలుపుతున్న ఎర్నమ్మ చేతిలో పార ఆగిపోయింది. ఎవరూ పలకలేదు. ఆయన అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టాడు. బయల్దేరిన మనిషిని వెనక పిలవకూడదని ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నదే. అందులోనూ పెద్దవాడు, గురువు. తప్పనిసరైతే ముందుకెళ్ళి ఎదురుపడాలి, అంతే. పాణి అందుకోసం రెండడుగులు వేశాడు కూడా. కానీ నిచ్చెన ఎక్కేవాడికి ముందున్నది గోడే.

ముసలికాలు ఇంకో మెట్టు మీదికి లేచింది.

"మేస్త్రి గారూ, బెల్టు!"

గొంతు తనదే అని పాణికి తర్వాత తెలిసింది.

"ఎనక పిలిసీసినావేటి బాబూ," అని ఎర్నమ్మ నొచ్చుకుంది. "దిగు తాతా. కూసేపు కూకోని, గుక్కెడు నీళ్ళు తాగి ఎక్కు."

బంగారయ్య బుద్ధిగా దిగి, ఇటుకల మీద కూర్చుని నీళ్ళు తాగాడు. నడుము తడిమి చూసుకున్నాడు. పాణి ఆయన పక్కన చేరి మెల్లగా అడిగాడు.

"నిజంగా మరిచిపోయారా, మాకోసం చేశారా?"

"అదే గుర్తు రావట్లేదు నాయనా," అన్నాడాయన. కళ్ళలో నవ్వుందో బెదురుందో పాణి పోల్చుకోలేకపోయాడు. తర్వాత ఆయన కాస్త గొంతు పెంచి అడిగాడు. "లోకనాథం ఎక్కిననాడు మీరంతా ఇక్కడే ఉన్నారు కదూ?"

అందరూ మళ్ళీ పనిముట్లు అందుకున్నారు.

"సూసినాం తాతా," అంది చివరికి ఎర్నమ్మ, పార వంకే చూస్తూ. "అప్పుటికే ఆడు కాలు పెట్టీసినాడు. ఎనక పిలిస్తే ఏటవుద్దో అని…"

ఆ పొద్దున తను కూడా అక్కడే, సిమెంటు బస్తాల దగ్గర నిలబడి ఉన్నానని పాణికి గుర్తొచ్చింది. లోకనాథం వీపు చూశాడు. నడుము కూడా చూసే ఉండాలి.

బంగారయ్య లేచి బెల్టు కట్టుకున్నాడు. నిచ్చెన దగ్గరికెళ్ళి రెండు చేతులతో పట్టుకుని, గోడకేసి తిరిగి అలాగే నిలబడ్డాడు. ఎక్కలేదు.

"ఏమైంది మేస్త్రి గారూ?"

"ఇంకా ఎవరూ పిలవలేదు," అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే.

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పాణి నోరు తెరిచేలోగా ఎర్నమ్మ పార కింద పడేసి, కొంగు బిగించి, గట్టిగా కేకేసింది.

"ఓ తాతా, పైకెల్లాక కొక్కెం తగిలించడం మరిసిపోకు!"

"శకునం బాగుంది," అని ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.