రాజుగారి కనుబొమ్మ

ఒకానొక కొండసీమను రణకేసరి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ, ఆయన నోట మాట వచ్చిందంటే అదే వేదం.

ఒకసారి ఆయనకు నూరు స్తంభాల మండపం కట్టాలని బుద్ధి పుట్టింది. "ఏటికొండ మీద టేకు మొత్తం కొట్టండి. ఒక్క మాను మిగలకూడదు. దుంగల్ని తిన్నగా వాగులోకి ఈడ్చెయ్యండి" అని ఆజ్ఞ వేశాడు.

చెట్లు కొట్టేవాళ్ళు లబోదిబోమన్నారు. "వాగు ఒడ్డున యాభై అడుగుల మేర చెట్లు వదిలెయ్యడం, దుంగల్ని వాలుకు అడ్డంగా ఈడ్వడం, ఆ దారిలో కొమ్మలు పరవడం మా తాతలనాటి ఆచారం ప్రభూ. లేకపోతే తొలి వానకే కొండ మన్నంతా వాగులో పడుతుంది."

"సోమరిపోతు మాటలు! ఒడ్డున ఆ చెట్లు దేనికి, అలంకారానికా?" అని రాజు కసిరాడు.

పక్కనే ఉండి ఈ మాటలు విన్న బుచ్చన్నకు, రాజుగారికి క్షౌరం చేసేవాడికి, దిగులు పట్టుకుంది. అతని ఊరు ఊరంతా ఆ వాగునీళ్ళే తాగుతుంది. రాజుతో వాదించి నెగ్గినవాడెవడు?

మర్నాడే రాజుగారి మొక్కుగుండు. "ఒక్క వెంట్రుక మిగలకూడదురా బుచ్చన్నా!" అని కళ్ళు మూసుకు కూర్చున్నాడు. బుచ్చన్న మనసులో అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, గుండు గీసి, చటుక్కున ఎడమ కనుబొమ్మ కూడా లేపేశాడు.

అద్దం చూసుకుని రాజు గావుకేక పెట్టాడు. "ఓరి నీ చేతులు పడిపోను! కనుబొమ్మ తీస్తావట్రా?"

"ఒక్కటీ మిగలకూడదన్నారు కదా ప్రభూ. అయినా అది అలంకారానికేగా!"

"నీ తల తీయిస్తా!"

"తీయించండి మహాప్రభూ. తలంటు మాత్రం మధ్యలో ఆపకూడదు" అంటూ బుచ్చన్న చెంబెడు కుంకుడు రసం గుండు మీద గుమ్మరించాడు.

కుడివైపు రసం కనుబొమ్మ దగ్గర ఆగి పక్కకు జారిపోయింది. ఎడమవైపు తిన్నగా కంట్లోకి దిగింది. "చచ్చాన్రా బాబోయ్!" అని రాజు పీట మీంచి ఎగిరి గంతేశాడు.

బుచ్చన్న మంచినీళ్ళతో ఆ కన్ను కడిగాడు. "వాగుకు ఒడ్డున చెట్లే కనుబొమ్మ ప్రభూ. అవి పోతే కొండ బురదంతా దాని కంట్లోనే. మా ఊళ్ళో పిల్లాజెల్లా తాగేది ఆ నీళ్ళే" అన్నాడు.

రాజు మండే కన్ను మూసుకుని, రెండో కంటితో అతన్ని చూశాడు. "మరి నా కనుబొమ్మ మాటేమిట్రా?"

"రెండు నెలల్లో మొలుస్తుంది ప్రభూ. కొండ మన్ను పోతే మన మునిమనవళ్ళ కాలానికి కూడా రాదు."

రాజు పక్కున నవ్వాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. చేతి కడియం తీసి బుచ్చన్నకు తొడిగి, "చెట్లు కొట్టేవాళ్ళ ఆచారమే ఇక నా ఆజ్ఞ" అన్నాడు. ఆ రెండు నెలలూ కాటుకతో దిద్దుకున్న కనుబొమ్మతోనే కొలువు తీరాడు పాపం.

ఆ ఏడు వానలు దంచికొట్టినా వాగు తేటగానే పారింది. ఒడ్డున మిగిలిన చెట్లను బుచ్చన్న ఊరివాళ్ళు ఈనాటికీ రాజుగారి కనుబొమ్మ అనే అంటారు. దాని మీద గొడ్డలి వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు.