కొక్కెము లేని గడియారపు గొలుసు

మాణిక్యాంబ తాత కోటయాచారి కరవునాడు ఊరికి నూయి త్రవ్వించిన పుణ్యాత్ముడు. తల్లి నాగాంబ వేసవి పొడుగునా చలివేంద్రము నడిపిన ఇల్లాలు. వారి వలన ఆమెకు సంక్రమించినది సంతవీధిలోని గడియారముల అంగడి ఒక్కటే.

ఒకనాడు ఆ ఊరి జగ్గభూపతి దొర అంగడికి వచ్చి, తన తండ్రినాటి చేతిగడియారమునకు ఉక్కుగొలుసు తొడుగుమనెను.

"కొక్కెం పెట్టకు, దొంగలకు సులువు. నా చేతినుంచి దీన్ని ఎవరు ఊడదీసినా నీ అంగడి నాది."

"ఎవరు తీసినానా, దొరవారూ?"

"ఎవరైనా సరే."

మాణిక్యాంబ దొర మణికట్టు మీదనే గొలుసు కొసలు కలిపి చీల బిగించెను.

మరునాడు దొర పుట్టినరోజు. తలంటుకు కూర్చుండి, నెత్తిన నూనె పడిన పిమ్మట గాని ఆయనకు గడియారము గుర్తు రాలేదు. నీరు తగిలిన అది పాడగును. కబురందుకొని మాణిక్యాంబ వచ్చునప్పటికి దొర చేయి పైకెత్తి కూర్చుండెను.

"తొందరగా ఊడదియ్యవే."

"తీస్తే నా అంగడి మీదవుతుంది కదండీ."

నూనె కనుబొమలు దాటెను.

"సరే, ఆ మాట లేదనుకో."

"చుట్టాలంతా వినేటట్టు సెలవియ్యండి."

కన్నులు మండుచుండగా దొర బిగ్గరగా సెలవిచ్చెను. ఆమె చీల తీసి, కొక్కెము అమర్చెను.

పెద్దతనమున మాణిక్యాంబ ఆ అంగడిని, తాతనాటి శ్రావణమను చిన్న పట్టుకారును, దొర గొలుసునుండి తీసిన చీలను తన కోడలికి అప్పగించెను.